తంగేడు పొదని, దాని మీది సాలెపురుగుని పోల్చి చూడడం ఎట్లా

ప్రతి ఏడూ దసరా సెలవులకి ముందు నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఒక చార్ట్ పట్టుకుని వస్తారు. మధ్యలో నిలువు గీత, ఎడమవైపు జంతువు, కుడివైపు మొక్క. ఇది కదులుతుంది, అది కదలదు. దీనికి కళ్లున్నాయి, దానికి లేవు. ఇది ఇతర ప్రాణుల్ని తింటుంది, అది తన తిండి తానే తయారు చేసుకుంటుంది. ఎనిమిది లైన్లు రాసి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బార్డర్ వేసి ఇచ్చేస్తారు. రాసిందాంట్లో తప్పు లేదు, కాకపోతే అది రాయడానికి ఎవరూ గడప దాటాల్సిన పని లేదు. నిరుడు మా అక్క బిడ్డతో కలిసి ధర్మసాగర్ దాటినాక దేవునూరు గుట్టల వైపు పోయి ఒక తంగేడు పొద ముందు కూర్చున్నాం. ఆ పొదకి ఒక సాలెపురుగు వల కట్టుకుని ఉంది. గంటసేపు చూసి ఆ పిల్ల అడిగింది: "చిన్నమ్మా, ఇది కూడా పొద్దటిసంది కదల్లేదు కదా, మరి సాలెపురుగు కదులుతుంది అని ఎట్లా రాయాలె?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మేం చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. స్కూల్ ప్రాజెక్టు కోసమైనా సరే, ఊరికే చూడాలని ఉన్నా సరే, ఇట్లా చేయండి.

ముందు ఎంచుకోవడం. ఒక జాతి సాలెపురుగు, ఒక జాతి పూలమొక్క, రెండూ ఒకే చోట దొరకాలి. ఇంట్లో గోడ మీద సాలెపురుగుని, పార్కులో గులాబీని పోలిస్తే వాటి మధ్య మీరు గీసిన గీత తప్ప ఇంకేం ఉండదు. మన వరంగల్, హనుమకొండ, ములుగు వైపు వాళ్లకి తంగేడు అందుబాటులో ఉన్న మొక్క. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది, బతుకమ్మ పేర్చే ప్రతి ఇంటికీ తెలుసు. గుట్ట వాలుల్లో, చెలక గట్ల మీద, కోట వైపు మట్టికట్ట మీద, రోడ్డు పక్కన ఎర్రమట్టిలో పెరుగుతుంది. సాలెపురుగుల్లో అయితే నేను చెప్పేది వల మధ్యలో తెల్లటి జిగ్‌జాగ్ పట్టుతో ఎక్స్ ఆకారం అల్లుకుని, తల కిందికి పెట్టి, ఎనిమిది కాళ్లని రెండేసి చొప్పున జత చేసి ఆ ఎక్స్ మీదే చాపుకుని కూర్చునే దాన్ని. కడుపు మీద పసుపు, గోధుమ రంగు అడ్డపట్టీలు ఉంటాయి. ఇంగ్లీషులో సంతకం అన్న అర్థం వచ్చేలా సిగ్నేచర్ స్పైడర్ అంటారు. వానాకాలం చివరికి వచ్చేసరికి ఆడవి బాగా ఎదిగి కంటికి కనపడతాయి, తంగేడు కూడా అప్పుడే విరగబూస్తుంది. పెత్రమాసకి రెండు వారాల ముందు మొదలుపెడితే అన్నిటికంటే మంచిది. బతుకమ్మ మొదలయ్యాక పొదలన్నీ దులిపేస్తారు, పూలు కోసే చేతులకి వలలు కూడా తెగిపోతాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "సాలెపురుగుకి, తంగేడుకి తేడాలు" అని హెడ్డింగ్ పెడతారు. సాలెపురుగు అంటే ఒక జాతి కాదు, ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన సాలెపురుగు జాతులు 50 వేలు దాటాయి. తంగేడు మాత్రం ఒకే ఒక్క జాతి. ఊరిమొత్తాన్ని తీసుకొచ్చి ఒక మనిషితో పోల్చినట్టు ఉంటుంది. జాతిని జాతితోనే పోల్చాలి. తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఎక్స్ అల్లే సాలెపురుగుల్లో మన దేశంలో విరివిగా కనపడేది ఆర్జియోపి అనసూజా, కానీ దానికి బాగా దగ్గరి పోలికలున్న ఆర్జియోపి పుల్కెల్లా కూడా మన దేశంలో ఉంది. ఫోన్ ఫొటో చూసి ఇది ఫలానా అని గట్టిగా చెప్పడం కష్టం, ఆడదాని కడుపు అడుగున ఉండే జనన భాగాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప తేల్చలేం. కాబట్టి నోట్సులో "ఆర్జియోపి, బహుశా అనసూజా" అని రాయండి. అట్లా రాసినందుకు మార్కులు తగ్గవు, తెలిసినంతవరకే రాశారని అర్థమవుతుంది.

పేర్ల దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇందులో మన పక్క కథ ఒకటుంది. తంగేడుకి మొదట కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టింది స్వీడన్‌కి చెందిన లిన్నేయస్, 1753లో. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. ఆకు కాడ మొదట్లో రెండువైపులా గుండ్రంగా చెవితమ్మెల్లాంటి చిన్న రేకులు ఉంటాయి, వాటి వల్లే ఆ పేరు, ఈసారి పూలు కోసేటప్పుడు చూడండి. దాన్ని సెన్నా అనే ప్రజాతిలోకి మార్చింది విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1780లలో సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కల్ని దగ్గరుండి చూసి, బొమ్మలు గీయించిన మనిషి. ఆ పేరు ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఆర్జియోపి అనసూజాకి పేరు పెట్టింది తమెర్లాన్ థోరెల్, 1887లో, ఆయనదీ స్వీడనే. మొక్కల పేర్లకి ఒక నియమావళి, జంతువుల పేర్లకి ఇంకొకటి. మొక్కల పేర్ల లెక్క 1753 నుంచి మొదలవుతుంది, జంతువులది 1758 నుంచి, కానీ సాలెపురుగులకి మాత్రం ఒక మినహాయింపు ఇచ్చి 1757లో క్లెర్క్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేర్లని కూడా ఒప్పుకున్నారు. చార్ట్‌లో వర్గీకరణ అని ఒక పెట్టె ఎట్లాగూ పెడతారు కదా, సాలెపురుగుది ఆర్థ్రోపోడా, అరాక్నిడా, అరేనిడే కుటుంబం అని, తంగేడుది ఫాబేసీ, అంటే చిక్కుడు, కంది, చింత ఉండే కుటుంబం అని రాసి పక్కన ఈ సంవత్సరాలు కూడా వేయండి.

సామాను ఎక్కువ అక్కర్లేదు. పదిహేను సెంటీమీటర్ల స్కేలు, దర్జీ టేపు, ఒక భూతద్దం, నల్ల చార్ట్ ముక్క, నోట్‌బుక్, ఫోన్. ఇంకా ఒక శ్రుతిదండం, స్కూల్ ల్యాబ్‌లో సౌండ్ పాఠానికి వాడేది, 256 అని చెక్కి ఉన్నదైతే బాగుంటుంది. సార్‌ని అడిగి ఒకరోజుకి తెచ్చుకోండి, దాంతో పనేంటో కిందికి పోయాక చెప్తాను. కాళ్లకి బూట్లు వేసుకోండి, పొద మొదట్లో చెయ్యి పెట్టేముందు కర్రతో ఒకసారి తట్టండి, వానాకాలం పొదల కింద పాములుంటాయి. సాలెపురుగు విషయంలో టెన్షన్ పడకండి, అది మనుషులకి ప్రమాదకరం కాదు, పట్టుకోకపోతే కరవదు కూడా.

పొద్దున ఏడు గంటలకల్లా పొద దగ్గరుండాలి. వల ఉన్న పొదనే ఎంచుకుని, ఒక కొమ్మకి ఎర్ర గుడ్డపీలిక కట్టండి, మళ్లీ వచ్చినప్పుడు అదే పొద అని గుర్తుంటుంది. సాలెపురుగు పొడవు కొలిచేటప్పుడు కాళ్లు లెక్కలోకి తీసుకోవద్దు, తల నుంచి కడుపు చివరిదాకా మాత్రమే. వలని ముట్టుకోకుండా వెనకనుంచి స్కేలు దగ్గరగా పెట్టి ఫొటో తీస్తే చాలు, ఇంటికొచ్చి లెక్క చూసుకోవచ్చు. ఆడది 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. వల అంచున చిన్న గోధుమరంగు సాలెపురుగు, నాలుగు మిల్లీమీటర్లది, కనపడితే దాన్ని పిల్ల అని రాయకండి, అది మగది అయ్యుండొచ్చు. వల నిలువు, అడ్డం కొలతలు, నేల నుంచి వల నడిమధ్యకి ఎత్తు, మధ్యనుంచి బయటికి పోయే నిలువు దారాల సంఖ్య రాసుకోండి. నల్ల చార్ట్ వెనక పట్టుకుంటే దారాలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనపడతాయి. కొంతమంది పౌడర్ చల్లుతారు, వద్దు, వల జిగురు పోయి ఆ రోజుకి దానికి తిండి లేకుండా పోతుంది.

తంగేడు వైపు కూడా అదే ఓపికతో చూడండి. తెలిసిన పువ్వే కదా అని ఐదు రేకులు, పసుపు రంగు అని రాసేసి ముందుకు పోయేవాళ్లే ఎక్కువ. ఒక పువ్వుని కొయ్యకుండా భూతద్దం కింద పెట్టండి. కేసరాలు పది ఉంటాయి, పదీ ఒక రకం కాదు. పైన ఉన్న మూడు పొట్టివి, వాటితో పుప్పొడి పని లేదు. కింద ఉన్నవి పొడుగ్గా, కొక్కెంలా వంగి ఉంటాయి. మిగతా పూలల్లో పుప్పొడి తిత్తి నిలువుగా చీలి పొడి బయటికి కనపడుతుంది, మందారం ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది కదా, అట్లా. తంగేడులో మాత్రం తిత్తి మూసే ఉంటుంది, కొసన చిన్న కంత ఒక్కటే. ఉప్పుడబ్బా మూతకి ఉండే కంతలాంటిది. ఊపితేనే పొడి రాలాలి. ఇంకొక సంగతి, ఈ పువ్వులో తేనె లేదు. మరి పురుగులు ఎందుకొస్తాయి? పుప్పొడి కోసమే. ఆకు మీద మాత్రం జంట చిట్టాకుల మధ్యన ముల్లులా నిటారుగా నిలబడ్డ చిన్న గ్రంథులు ఉంటాయి, వాటిలోంచి తీపి ఊరుతుంది, చీమలు అక్కడికి వస్తాయి. ఆ చీమల లెక్క కూడా నోట్సులో ఉండాలి.

ఇప్పుడు అసలు పని. తేడాల పట్టిక రాయొద్దు. రెండింటినీ ఒకే ప్రశ్న అడగండి. ఇదే నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి, మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. "పురుగుతో నీకేం పని? అది నీ దగ్గరికి వచ్చిందని నీకెట్లా తెలుస్తుంది? వచ్చాక ఏం చేస్తావు?" ఈ మూడు ప్రశ్నలు తంగేడునీ అడగండి, సాలెపురుగునీ అడగండి. పదిహేను నిమిషాలు ఐదు పూలున్న ఒక గుత్తి ముందు, వెంటనే ఇంకో పదిహేను నిమిషాలు వల ముందు. ఎన్నింటికి, ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, ఏమైంది. ఇట్లా పొద్దున మూడుసార్లు తిప్పి తిప్పి చూడండి. ఒకదాన్ని పొద్దున చూసి ఇంకోదాన్ని సాయంత్రం చూస్తే ఆ రెండూ పక్కపక్కన పెట్టడానికి పనికిరావు. మొదటిసారి నేను అట్లానే చేశాను, పొద్దున పూలు, సాయంత్రం వల, మూడు రోజుల నోట్సు మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే పొద్దున తిరిగే తుమ్మెదలు వేరు, సాయంత్రం తిరిగే పురుగులు వేరు.

పూల దగ్గర మీకు ఎక్కువగా కనపడేది నల్లగా, లావుగా, నీలిరంగు మెరుపు రెక్కలతో ఉండే గండుతుమ్మెద. అది పువ్వు మీద వాలాక చెవి పెట్టి వినండి. ఎగిరేటప్పుడు ఒక మోత ఉంటుంది, పువ్వుని కాళ్లతో కరుచుకున్నాక రెక్కలు మూసుకునే ఒక్కసారిగా జుమ్మని సన్నగా ఇంకో మోత చేస్తుంది. రెక్కలు ఊపే కండలనే రెక్కలు ఊపకుండా అదిలిస్తుంది. ఆ అదురుకి కంతలోంచి పుప్పొడి చిమ్మి దాని రొమ్ము మీద పడుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు, అందుకే అది తంగేడు మీద వాలి అటూఇటూ తడిమి, రాలిన పొడి ఏమన్నా ఉంటే ఏరుకుని పోతుంది.

శ్రుతిదండం పని ఇక్కడ. దాన్ని చెప్పు అడుగు రబ్బరుకి కొట్టండి, రాయికి కొట్టొద్దు. అప్పుడే విచ్చిన పువ్వు కింద నల్ల చార్ట్ ముక్క పట్టుకుని, మోగుతున్న దండం కొసని కింది పొడుగు కేసరాలకి మెల్లగా ఆనించండి. చార్ట్ మీద పసుప్పొడి పడుతుంది. పక్క పువ్వుని ఊరికే వేలితో తట్టి చూడండి, దాదాపు ఏమీ రాలదు. తుమ్మెద చేసే పని మీ చేతిలో ఇనుప ముక్క చేసింది. మా అక్క బిడ్డ మొదటిసారి ఆ పొడి రాలడం చూసి అరిచిన అరుపుకి పక్క చెలకలో పత్తి చేలో ఉన్న పెద్దమ్మ "ఏమైంది బిడ్డా, పురుగు కుట్టిందా" అని పరుగెత్తుకొచ్చింది. ఆమెకి కూడా చూపించాం. పుట్టినకాడి నుంచి ఈ పూలు కోస్తున్నా, లోపల ఇంత సంగతి ఉందా అని ఆమె చాలాసేపు పువ్వుని తిప్పి తిప్పి చూసింది.

అదే దండాన్ని మళ్లీ కొట్టి, ఈసారి వల కట్టిన పుల్లకి గానీ, వల అంచున ఉన్న నిలువు దారానికి గానీ తాకీ తాకనట్టు ఆనించండి. మూడింటిలో ఒకటి జరుగుతుంది. ఆ దిక్కుకి తిరిగి ముందు కాళ్లతో దారాల్ని లాగి చూస్తుంది, లేదా గబగబా పరుగెత్తుకొస్తుంది, లేదా భయపడి వల మొత్తాన్ని ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊపుతుంది. ఏది జరిగినా రాసుకోండి. రెండుసార్లకి మించి చేయకండి, పాపం దానికి లేనిపోని ఆశ పెట్టినట్టవుతుంది, వల కూడా పాడవుతుంది. 1880లో ఇంగ్లండ్‌లో సి.వి. బాయ్స్ అనే భౌతికశాస్త్రవేత్త తోట సాలెపురుగుల మీద ఇదే చేసి, అవి దండాన్ని పట్టుకోవడానికి ఎట్లా ఉరికొస్తాయో రాశాడు. సాలెపురుగుకి ఎనిమిది కళ్లున్నా వల కట్టే రకాలకి చూపు అంతంతమాత్రం, అవి వినేదీ చూసేదీ అంతా కాళ్లలోకి వచ్చే అదురుతోనే. కాబట్టి మీ చార్ట్‌లో మొదటి వాక్యం ఇట్లా రావాలి: ఒకే దండం, ఒకే అదురు, దానికి తంగేడు పుప్పొడి వదిలింది, సాలెపురుగు వేటకి తిరిగింది. కళ్లున్నాయి, లేవు అన్న లైన్ కంటే ఇందులో ఎంత విషయం ఉందో చూడండి.

ఆ రోజు మేం చూసింది ఒకటి చెప్తాను. ఎనిమిదిన్నర అయ్యుంటుంది. రొమ్మంతా పసుపు పూసుకున్న గండుతుమ్మెద ఒకటి పువ్వు వదిలి లేచి, వంకరగా ఎగిరి సరిగ్గా వల కింది అంచుకి కొట్టుకుంది. వల గుంజుకుపోయి పుల్ల వంగింది. సాలెపురుగు రెండంగలు వేసి ఆగింది. తుమ్మెద ఒక్క ఉదుటున విదిలించుకుని పోయింది, వలలో అరచేయంత చిల్లు పడింది. భూతద్దం పెట్టి చూస్తే తెగిన దారాల జిగురు బొట్లకి తంగేడు పుప్పొడి అంటుకుని ఉంది, పసుపు అద్దినట్టు. సాలెపురుగు ఆ చిల్లు దాకా వచ్చి, వేలాడుతున్న దారాల్ని ఒక్కొక్కటీ కాలితో తాకి, మళ్లీ మధ్యకి పోయి ఎక్స్ మీద కూర్చుంది. పది నిమిషాల తర్వాత చిన్న పురుగొకటి పైభాగంలో పడితే మాత్రం క్షణం ఆలస్యం చేయలేదు. ముందు కరవలేదు, ముందు చుట్టేసింది. వెనక కాళ్లతో పట్టుని పట్టీలు పట్టీలుగా లాగి పురుగుని తిప్పుతూ చుట్టి, ఆ తర్వాత కరిచింది. సీతాకోకచిలుక పడితే ఈ రకం సాలెపురుగులే క్రమం మార్చి ముందు కరుస్తాయి, రెక్కల పొడి జిగురుకి ఊడొచ్చి అది జారిపోతుంది కాబట్టి. మీ కళ్లముందు ఏది జరిగితే ఆ క్రమం రాసుకోండి.

దీన్నుంచి ఇంకో మంచి లెక్క వస్తుంది. తంగేడుకి ఈ సాలెపురుగు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? తంగేడు ఆకు తినే పచ్చ గొంగళిపురుగులు ఉంటాయి, కటోప్సిలియా అనే లేత పసుపు తెలుపు సీతాకోకచిలుకల పిల్లలు. ఆ సీతాకోకచిలుక వలలో పడితే తంగేడుకి లాభం, తుమ్మెద పడితే నష్టం. వారం రోజులు రోజూ వలలో చుట్టి పెట్టిన పొట్లాలు చూసి, గుర్తుపట్టగలిగినంత వరకు ఆకు తినేవి ఎన్ని, పువ్వుకి పనికొచ్చేవి ఎన్ని, రెండూ కానివి ఎన్ని అని రాయండి. జవాబు మీ పొదకి ఒకటి, పక్క పొదకి ఇంకొకటి రావచ్చు. రెండూ నిజమే.

ఇక కదలడం సంగతి, మా అక్క బిడ్డ అడిగిన ప్రశ్న. సాలెపురుగు కాలు ముడుచుకోవడానికి కండలున్నాయి, కానీ కాలిలోని రెండు పెద్ద కీళ్ల దగ్గర చాపుకోవడానికి కండ లేదు. ఒంట్లోని ద్రవాన్ని కాళ్లలోకి ఒత్తి నింపితే కాలు చాచుకుంటుంది, జేసీబీ చెయ్యి ఆయిల్ ఒత్తిడితో లేచినట్టు. ఇంట్లో మూలన చచ్చి పడున్న సాలెపురుగు కాళ్లన్నీ లోపలికి ముడుచుకుని ఎందుకుంటాయి? ఆ ఒత్తిడి పోయింది కాబట్టి. ఇప్పుడు పొద్దుగూకాక అదే తంగేడు పొద దగ్గరికి టార్చి పట్టుకుని పోండి. చింతాకు ముడుచుకున్నట్టే తంగేడు చిట్టాకులు కూడా జంటలు జంటలుగా ముడుచుకుని ఉంటాయి. ప్రతి చిట్టాకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, అందులో ఒకపక్క కణాల్లోంచి నీళ్లు ఇంకోపక్కకి పోతే ఆకు వాలుతుంది, మళ్లీ నిండితే తెరుచుకుంటుంది. అత్తిపత్తి ఆకులో జరిగేదీ ఇదే, అక్కడ క్షణాల్లో జరుగుతుంది, ఇక్కడ నిదానంగా. అంటే రెండూ కదులుతాయి, రెండూ నీటి ఒత్తిడితోనే. వేగం తేడా, నరాలు ఉండడం లేకపోవడం తేడా. కదులుతుంది, కదలదు అన్న గీత అక్కడ చెరిపేయాల్సిందే. పొద్దున పదికి ఒక ఫొటో, రాత్రి ఏడున్నరకి ఒక ఫొటో, ఒకే కొమ్మవి పక్కపక్కన అతికిస్తే మాటలే అక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను, ఇవి పుస్తకంలో దొరుకుతాయి. ఒంటికి గట్టితనం ఇచ్చేది తంగేడులో సెల్యులోజ్, సాలెపురుగులో కైటిన్, రెండూ చక్కెర అణువుల్ని గొలుసుగా కట్టినవే, కైటిన్‌లో నత్రజని కూడా ఉంటుంది. పెరగాలంటే సాలెపురుగు పాత పొర విడిచేయాలి, తంగేడు కొమ్మల కొసల్లో కొత్తది కలుపుకుంటూ పోతుంది. గాలి సాలెపురుగుకి కడుపు అడుగునున్న పుస్తకాకార ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తంగేడుకి పత్రరంధ్రాల్లోంచి. సాలెపురుగు రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న హీమోసయనిన్, తంగేడు ఆకుని పచ్చగా ఉంచే పత్రహరితంలో మెగ్నీషియం.

నత్రజని దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. పప్పుధాన్యాల కుటుంబం అనగానే పిల్లలు వేర్ల బుడిపెల్లో బాక్టీరియా నత్రజని పట్టి ఇస్తుందని రాసేస్తారు. సెన్నాల్లో సాధారణంగా ఆ బుడిపెలు ఉండవు. కంది మొక్క పీకి, రోడ్డు పక్కన లేత తంగేడు మొలక ఒకటి పీకి వేర్లు కడిగి పక్కపక్కన పెట్టండి, తెలిసిపోతుంది. అంటే ఈ పొద పేద ఎర్రమట్టిలోంచే నత్రజని తెచ్చుకోవాలి. సాలెపురుగుకీ అదే కరువు, వల మొత్తం ప్రోటీనే కాబట్టి. అందుకే పాత వలని పారేయదు, తినేసి, అదే సరుకుతో కొత్తది అల్లుతుంది. తెల్లవారకముందు పోతే ఒక్కోసారి వల కట్టడం చూడొచ్చు, నేను రెండుసార్లు చూశాను, నిద్ర చెడినా నష్టం లేదు.

ఆ తెల్లటి ఎక్స్ ఎందుకు అని అందరూ అడుగుతారు. ఆ పట్టు అతినీలలోహిత కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, పురుగుల కళ్లకి ఆ కాంతి కనపడుతుంది కాబట్టి పువ్వులా పిలుస్తుందని కొందరు శాస్త్రవేత్తలు, పిట్టలు చూసి వలలోంచి దూసుకుపోకుండా తప్పుకోవడానికని ఇంకొందరు. ఈ వాదన ఇంకా తెగలేదు. చిన్నపిల్ల సాలెపురుగులు ఎక్స్ బదులు గుండ్రటి చాపలాగా అల్లడం కూడా చూస్తారు. కాబట్టి ఎక్స్‌ని తంగేడు రేకులతో పోల్చాలనుకుంటే "రెండూ పురుగుల కంటికి కనపడతాయి" అని రాయండి, "పురుగుల్ని పిలవడానికే" అని ఒకవైపే తీర్పు రాయకండి.

ఇంకొకటి బతిమాలి చెప్తున్నాను, సాలెపురుగుని సీసాలో పెట్టకండి. చాలా ఏళ్ల కింద నేను ఒకదాన్ని మూతకి కంతలు పెట్టిన సీసాలో తెచ్చి క్లాసులో చూపించాను. వల కట్టుకునే చోటు లేక అది రెండు రోజులు అద్దానికి పాకి పాకి మూడోరోజుకి కాళ్లు ముడుచుకుంది. ఆ ముడుచుకున్న కాళ్లు చూశాకే నేను ఒత్తిడి సంగతి చదివాను, కానీ అది నేర్చుకోవడానికి ఒక ప్రాణం పోవాల్సిన అవసరం లేకుండె. తంగేడు కూడా అంతే, ఇప్పుడు ఊరి చుట్టూ వెంచర్లు పడి చెలకలన్నీ ప్లాట్లయ్యాక పొదలు దూరం జరిగిపోతున్నాయి. కోసేటప్పుడు కొమ్మలు విరవకండి, ప్రతి పొద మీద నాలుగు గుత్తులన్నా వదిలేయండి, ఎర్ర పీలిక కట్టిన పొదనైతే ఈ ఏడుకి అసలు ముట్టొద్దని వాడకట్టు వాళ్లకి ముందే చెప్పి పెట్టండి. మేం చెప్పాం, విన్నారు.

సద్దుల బతుకమ్మ అయ్యి, పద్మాక్షి గుట్ట దగ్గర సందడంతా సద్దుమణిగి, ఊళ్లకి పోయినవాళ్లు తిరిగొచ్చాక మళ్లీ ఆ పొద దగ్గరికి పోండి. వదిలేసిన పూల స్థానంలో పచ్చటి పలచటి కాయలు దిగుతుంటాయి. ఒకటి ఎండలోకి పట్టుకుంటే లోపలి గింజల నీడలు కనపడతాయి, పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటాయి, కాయ తెంపకుండానే లెక్కపెట్టొచ్చు. సాలెపురుగు వల దగ్గర కొమ్మల్లో వెతికితే ఒక పట్టు సంచి దొరకొచ్చు, అందులో గుడ్లు వందల్లో ఉంటాయి, దాన్ని తెరవకండి, బయటి కొలత చాలు. తల్లి ఎక్కువకాలం ఉండదు, పొద మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది, నరికినా మళ్లీ చిగురిస్తుంది. గింజకి తల్లిమొక్క తిండి కట్టి ఇచ్చి పంపుతుంది, గుడ్డుకీ అంతే, కానీ గింజ ఎండి గోధుమరంగు తిరిగిన కాయలోంచి పొద చుట్టుపక్కలే రాలుతుంది, సాలెపురుగు పిల్ల కొమ్మ కొసకి ఎక్కి సన్నటి దారం గాలికి వదిలి దాంతోపాటే ఎగిరిపోతుంది. నిరుడు కార్తీకంలో మేం పోయినప్పుడు ఎర్ర పీలిక వెలిసిపోయి ఉంది, సంచికి ఒక పక్క చిన్న కంత ఉంది, పక్క కాయ మీద ఆవగింజంత పిల్లలు మూడు ఇంకా కూర్చునే ఉన్నాయి.